జీ విలువ 980 రాకపోతే

(శ్రీకాకుళంలో బీఎస్సీ, ఎమ్మెస్సీ విద్యార్థులతో ఒక నీటి రసాయన పరిశోధకుడు మాట్లాడిన మాటలు, రికార్డింగు నుంచి రాసుకున్నవి. మైకు ఆగిపోయిన చోట రెండు మూడు వాక్యాలు పోయాయి. చివర్లో పిల్లలు అడిగిన ప్రశ్నల్లో మూడే ఇచ్చాం.)

నమస్కారం. వెనక బెంచీలకి వినబడుతోందా? వినబడకపోతే చెయ్యెత్తండి, నేనే అటొస్తాను, ఈ మైకుని నమ్ముకుంటే పని జరగదు.

పరిచయంలో పెద్దలు చాలా చెప్పారు గానీ అందులో మీకు పనికొచ్చేది ఒక్కటే. మాది ఈ జిల్లాయే, టెక్కలి అవతల ఒక పల్లె. నేను చేసేది నీళ్లలో ఉండే లోహాలు కొలవడం. అంతే. రాకెట్లు అవీ నాకు తెలీవు, అడగొద్దు. (నవ్వులు)

సైన్స్ చదవండి అని చెప్పడానికి నేను రాలేదు. మీరు చదువుతూనే ఉన్నారు కదా. ఇక్కడున్నవాళ్లలో గ్రూప్-2కి, డీఎస్సీకి, కానిస్టేబుల్‌కి, బ్యాంకులకి ప్రిపేర్ అవుతున్నవాళ్లు చేతులెత్తండి. (చాలా చేతులు లేచాయి) సరే, దించండి. అందులో తప్పేమీ లేదు, ఇంట్లో అప్పులుంటాయి, చెల్లి పెళ్లి ఉంటుంది, నెల తిరిగేసరికి జీతం రావాలి, అది నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ మన దగ్గర బీఎస్సీ ఒక వెయిటింగ్ హాల్ అయిపోయింది. ఎక్కాల్సిన బండి వేరే, ఇక్కడ ఊరికే కూర్చున్నాం, మూడేళ్లు కూర్చుంటే సర్టిఫికెట్ ఇస్తారు. సైన్స్ చదివేవాళ్లు ఇంతమంది ఉన్న జిల్లాలో సైన్స్ చేసేవాళ్లు ఎందుకు ఇంత తక్కువ, నా బాధల్లా అదొక్కటే.

చదవడానికీ చెయ్యడానికీ తేడా ఎక్కడుందో మీ ల్యాబ్ రికార్డులోనే చూపిస్తాను. లఘులోలకం ప్రయోగం చేశారు కదా. జీ విలువ, అంటే గురుత్వ త్వరణం, సెంటీమీటర్ల లెక్కలో 980 దగ్గర రావాలి. రఫ్ బుక్కులో 1086 వచ్చింది. ఏం చేస్తారు? (నవ్వులు) నిజం చెప్పండి, మార్కులు తగ్గించను. ‘సీనియర్ రికార్డు చూస్తాం సార్’ అంటున్నాడు. ఇంకొకరు ‘వెనక నుంచి లెక్క కడతాం’ అంటున్నారు. అంటే 978 వచ్చేలా టైము రీడింగులు మార్చి రాస్తారు. మరీ 980 రాస్తే అనుమానం వస్తుందని 978 అన్నమాట, ఆ తెలివి మాత్రం బ్రహ్మాండం.

ఇప్పుడు ఆ 1086ని పారెయ్యకుండా ఒక్క నిమిషం చూడండి. లోలకాన్ని వదిలేటప్పుడు స్టాప్‌వాచ్ నొక్కుతూ ‘ఒకటి’ అన్నారనుకోండి. ‘ఇరవై’ అనేసరికి నిజానికి అయినవి 19 డోలనాలే. మీరు మాత్రం టైముని 20తో భాగించారు. 20ని 19తో భాగించి, దాన్ని వర్గం చేసి, 980తో గుణించండి. ఫోన్లున్నాయిగా, తీసి చెయ్యండి. (కాసేపు నిశ్శబ్దం) ఎంతొచ్చింది? 1086. చూశారా, తప్పు ఎక్కడ జరిగిందో ఆ అంకె మీకు చెప్తూనే ఉంది, మీరే దాని నోరు మూసి 978 అని రాశారు. మిమ్మల్ని ఒక్కళ్లనే అనడం లేదు, సరైన విలువకే మార్కులు వేస్తుంటే పిల్లలు సరైన విలువే తయారు చేస్తారు. 1086 రాసి, కింద కారణం రాసినవాడికి ఫుల్ మార్కులు వెయ్యాలని ఇక్కడున్న మాస్టార్లని కూడా చేతులు జోడించి అడుగుతున్నాను.

ఇలా పారెయ్యకుండా పట్టుకున్న ఒకాయన ఉన్నాడు, లార్డ్ రేలీ. గాలిలోంచి ఆక్సిజన్ తీసేసి, మిగిలిన నైట్రోజన్ని తూచాడు. రసాయనాల నుంచి తయారు చేసిన నైట్రోజన్ని కూడా తూచాడు. లీటరుకి మొదటిది 1.257 గ్రాములు, రెండోది 1.251కి కాస్త తక్కువ. తేడా మూడో దశాంశ స్థానంలో. మనమైతే ఆ మూడో అంకె వదిలేసి రెండింటికీ 1.25 అని రాసి క్యాంటీన్‌కి పోతాం. ఆయన 1892లో నేచర్ పత్రికకి ఉత్తరం రాశాడు, నాకిలా తేడా వస్తోంది, కారణం ఎవరైనా చెప్పగలరా అని. అంత పెద్ద ప్రొఫెసర్! తర్వాత రామ్సే అనే రసాయన శాస్త్రవేత్త కూడా కలిశాడు, 1894కి తేలింది ఏమిటంటే మనం పీల్చే గాలిలో దాదాపు నూటికి ఒక వంతు అప్పటిదాకా ఎవరికీ తెలియని వాయువు ఉందని. ఆర్గాన్. 1904లో ఒకరికి ఫిజిక్స్ నోబెల్, ఇంకొకరికి కెమిస్ట్రీ నోబెల్. ఇంకో ముచ్చట, అంతకు వందేళ్ల కిందటే, 1785లో కావెండిష్ అనే శాస్త్రవేత్త గాలి మీద చేసిన ప్రయోగంలో చివర ఒక చిన్న గాలి బుడగ మిగిలిపోయింది, ఎంతకీ పోలేదు, ఆయన ఆ సంగతి దాచకుండా రాసి పెట్టాడు. అలా రాసి పెట్టడమే పని. మిగిలినదంతా తర్వాతవాళ్లు చూసుకుంటారు.

ఇదంతా లండన్ కథ, మనకేం సంబంధం అనుకుంటున్నారు కదా. సరే, అరసవల్లి వెళ్దాం. మార్చి 9, 10 తేదీల్లోనూ అక్టోబరు 1, 2 తేదీల్లోనూ పొద్దున్నే సూర్యకిరణాలు గర్భగుడిలో స్వామి పాదాల మీద పడతాయని మనందరికీ తెలుసు, మబ్బు పట్టకపోతే. చిన్నప్పటి నుంచి జనంలో తోసుకుంటూ వెళ్లి చూసినవాళ్లు ఇక్కడ సగం మంది ఉంటారు. ఆ రెండు తేదీలే ఎందుకు అని ఎప్పుడైనా లెక్క కట్టారా? మార్చి 10 నుంచి జూన్ 21కి ఎన్ని రోజులు? 103. జూన్ 21 నుంచి అక్టోబరు 2కి? అదీ 103. జూన్ 21న సూర్యుడు ఉత్తరంగా వెళ్లగలిగినంత వెళ్లి వెనక్కి తిరుగుతాడు కాబట్టి, పోయేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి అదే చోట ఉదయిస్తాడు, సరిగ్గా తూర్పుకి కాకుండా సుమారు 4 డిగ్రీలు దక్షిణంగా. మీ ఇంటికి తూర్పు గుమ్మం ఉంటే ఎండ ఏ రోజు ఏ గడప దాటిందో సుద్దముక్కతో గీత గీసి తేదీ రాసుకోండి, మీకూ ఒక జత తేదీలు దొరుకుతాయి. భక్తికి ఇది అడ్డం రాదు. నన్నడిగితే ఈ లెక్క తెలిశాక ఆ గుడి కట్టించినవాళ్ల మీద గౌరవం ఇంకా పెరుగుతుంది.

ఇక నేను అసలు మాట్లాడాలనుకున్నది. ఉద్దానం, మన జిల్లాలో కిడ్నీ జబ్బు పట్టిపీడిస్తున్న ప్రాంతం.

ఇక్కడ కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు పిల్లలు ఎవరున్నారో చేతులెత్తమని అడగను. ఎవరింట్లో ఏముందో అందరి ముందూ చెప్పక్కర్లేదు. షుగరు లేదు, బీపీ చరిత్ర లేదు, పొలానికీ తోటకీ పోయే మనిషి, ఒకరోజు నీరసంగా ఉందని రక్తపరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కడికో పోయి ఉంటుంది, అంటే కిడ్నీలు పాడయ్యాయన్నమాట. ఎందుకు? నీళ్లలో సిలికానా, లోహాలా, పురుగుమందులా, ఎండలో నీళ్లు తాగకుండా చేసే పనా, ఒళ్లు నొప్పులకి అడక్కుండా మింగే బిళ్లలా, లేక ఇవన్నీ కలిసా? చాలా ఏళ్లుగా ఎన్నో బృందాలు వచ్చాయి, చూశాయి, రాశాయి, ఇదీ కారణం అని ఖాయంగా తేలలేదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకి, నికరాగువా, ఎల్ సాల్వడార్‌లలో చెరకు తోటల కూలీలకి ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా వాదోపవాదాలే. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి, హిరమండలం రిజర్వాయరు నుంచి వంశధార నీళ్లు పైపుల్లో ఇచ్చే పథకం వచ్చింది. మంచిదే. కానీ భవనం ప్రశ్నకి జవాబు చెప్పదు కదా, లోపల కూర్చుని పనిచేసే మనిషి కావాలి.

ఆ మనిషి మీలోంచి ఎందుకు రావాలో చెప్తాను. సెంటిమెంటు కోసం కాదు. నీళ్ల శాంపిల్ తియ్యడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలీదు. తాగునీటిలో ఆర్సెనిక్ హద్దు లీటరుకి 10 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాములండీ, అంటే ఇసకరేణువు కన్నా తక్కువ లెక్క. కూల్‌డ్రింక్ సీసా కడిగి అందులో నీళ్లు పట్టుకొస్తే మేం కొలిచేది సీసానే, నీళ్లని కాదు. ఆమ్లంతో కడిగిన సీసా కావాలి, పట్టిన వెంటనే కొంచెం నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2 కన్నా తక్కువకి దించాలి, లేకపోతే లోహాలు సీసా గోడలకి అంటుకుపోయి, మిషన్ దగ్గరకి వచ్చేసరికి నీళ్లు శుభ్రంగా ఉన్నట్టు కనబడతాయి. ఇదంతా నేర్చుకోవచ్చు, ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది ఇంకోటి ఉంది. కిడ్నీ ఒక్కరోజులో పాడవదు, కాబట్టి ఇవాళ్టి బోరు నీళ్లు కొలిస్తే సరిపోదు, ఆ మనిషి పదిహేనేళ్ల కిందట ఏ నుయ్యి నీళ్లు తాగాడో కావాలి. ఆ నుయ్యి పూడ్చేశారు. ఎక్కడుండేదో ఎవరికి తెలుసు? మీ నాన్నమ్మకి తెలుసు. సర్వే కాగితంలో ‘రోజుకి ఎన్ని గంటలు పని’ అని ఒక గడి ఉంటుంది, దానికి ‘ఎనిమిది’ అని రాసుకుని పోతారు. జీడి పిక్కల కాలంలో మా అమ్మావాళ్లు తెల్లారకముందే పోయి ఎండెక్కేదాకా వంగొని ఏరేవాళ్లు, చెంబుడు నీళ్లు పట్టుకెళ్తే అందరూ తాగేవారు, అది ఏ గడిలో పడుతుంది? ఆ గడి గియ్యాల్సింది మీరు. హైదరాబాదు నుంచో అమెరికా నుంచో వచ్చినాయన ఎంత మంచివాడైనా గియ్యలేడు, ఆయనకి అది ఉందనే తెలీదు.

ఒకరి ఊరి జబ్బు ఇంకొకరి ల్యాబులో తేలిన కథ కూడా మీ ఒంట్లోనే ఉంది. బడిలో ఏడాదికోసారి పైలేరియా మాత్రలు మింగించేవాళ్లు గుర్తుందా, చేతిలో పెట్టి, ఎదురుగా మింగేదాకా కదలనిచ్చేవాళ్లు కాదు? అందులో ఉన్నది డైఇథైల్‌కార్బమజీన్. ఆ మందుని అమెరికాలో లెడర్లే కంపెనీలో తయారు చేసిన బృందానికి నాయకుడు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. మెట్రిక్ తప్పినవాడు. ఖద్దరు సర్జికల్ గౌను వేసుకున్నాడని ఎంబీబీఎస్ బదులు తక్కువ డిగ్రీ ఎల్‌ఎంఎస్ చేతిలో పెట్టారు. బోస్టన్‌లో ఆసుపత్రిలో రాత్రిళ్లు కూలిపని చేసుకుంటూ చదివాడు. అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు, ఆ తర్వాత ఈయన బృందమే ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది, అలాంటి జబ్బుల్లో వచ్చే రక్తహీనతకి అది మందైంది. 1948లో పోయాడు, నోబెల్ రాలేదు, బతికుండగా ఇక్కడ పేరూ రాలేదు. మన బోదకాళ్ల జిల్లాల్లో పిల్లలు మాత్రం ఇప్పటికీ ఆయన మందు మింగుతున్నారు.

తుఫాన్ల సంగతి క్లుప్తంగా. 1999లో ఒడిశా సూపర్ సైక్లోన్లో సుమారు పదివేల మంది పోయారు. 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, మన ఇచ్ఛాపురం కూడా వణికింది, మృతులు పదుల్లోనే. మధ్యలో మారింది ముందస్తు అంచనా, ఖాళీ చేయించడం. విశాఖలో తుఫాను హెచ్చరికల కేంద్రంలో కూర్చుని ఆ అంచనాలు వేసేవాళ్లు ఫిజిక్సు, లెక్కలు చదివినవాళ్లే. అలాగని అన్నీ ఆగిపోవు, 2018లో తిత్లీకి మన కొబ్బరి, జీడి తోటలు ఏమయ్యాయో మీకు తెలుసు. మనిషిని కాపాడారు, చెట్టుని ఎలా కాపాడాలో ఇంకా ఎవరికీ చేతకాలేదు. బోటనీ వాళ్లూ, వినండి.

ఇప్పుడు డబ్బు. ‘ఏటి సార్, పరిశోధన అంటే తిండెవరెడతారు?’ అని మీ ఇంట్లో అడుగుతారు, అడగాలి కూడా. సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్, వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000 రూపాయలు, 2023 జనవరి నుంచి ఉన్న రేటు ఇది, ఇంటి అద్దె అలవెన్సు వేరే. ఎమ్మెస్సీ మంచి చోట చెయ్యాలంటే డిగ్రీ చివరి ఏడాదిలో జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయండి, ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ దానితో తీసుకుంటాయి. ఐసర్, అదే కేంద్రం పెట్టిన సైన్స్ విద్యా పరిశోధన సంస్థ, అంటే ఎక్కడో పుణె అనుకుంటారు, బెర్హంపూర్‌లో ఒకటి ఉంది, ఇచ్ఛాపురం దాటి గంట కూడా పట్టదు. ఆమదాలవలసలో రైలెక్కితే ఒక పూటలో భువనేశ్వర్, అక్కడ అలాంటిదే నైసర్ అనే సంస్థ ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫిజిక్స్ ఉంది, ఖనిజాల మీద పనిచేసే సీఎస్ఐఆర్ ల్యాబ్ ఉంది. మనం ఎప్పుడూ హైదరాబాదు వైపే చూస్తాం, అలవాటు. ఇంకా చదువుతుండగానే ఎండాకాలం రెండు నెలలు శాస్త్రవేత్తల ల్యాబుల్లో పని నేర్పే ఫెలోషిప్‌లు మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇస్తాయి, చలికాలంలోనే అప్లై చెయ్యాలి, మనవాళ్లకి ఆ సంగతి తెలిసేసరికి మామిడిపళ్లు వచ్చేస్తాయి.

పీహెచ్‌డీ ఒక్కటే దారి అని కూడా అనుకోవద్దు. ఇందాక చేతులెత్తినవాళ్లు, పరీక్షలు రాసే ఓపిక మీకు ఎలాగూ ఉంది. జియాలజిస్టు, కెమిస్టు పోస్టులకి యూపీఎస్సీ విడిగా పరీక్ష పెడుతుంది, ఎమ్మెస్సీ వాళ్లకి. వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్లని ఎస్‌ఎస్‌సీ తీసుకుంటుంది. అణు పరిశోధన కేంద్రం బార్క్ బీఎస్సీ వాళ్లని స్టైపెండు ఇచ్చి ట్రైనింగుకి తీసుకుంటుంది. పైడిభీమవరం ఫార్మా కంపెనీలో క్యూసీ, అంటే మందుల నాణ్యత పరీక్షించే ఉద్యోగాన్ని చిన్నచూపు చూడకండి. షిఫ్టులు కష్టమే, మొదట్లో జీతమూ అంతంతమాత్రమే. కానీ అక్కడ రీడింగు దిద్దితే ఉద్యోగం పోతుంది. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, సంతకం, తేదీ వెయ్యాలి, కింద రాసింది కనబడాలి. మన కాలేజీ ల్యాబుల్లో నేర్పాల్సింది అక్కడ మొదటి వారంలో నేర్పుతారు.

చెడు కూడా చెప్పాలి, లేకపోతే నేను సేల్స్‌మేన్‌ని అవుతాను. పీహెచ్‌డీ ఐదారేళ్లు పడుతుంది. స్టైపెండు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యం అవుతుంది, అప్పుడు టెన్షన్ మామూలుగా ఉండదు. పర్మనెంట్ పోస్టులు తక్కువ. గైడు మంచివాడు కాకపోతే ఆ ఐదేళ్లు నరకం, అందుకే చేరేముందు ఆయన పేపర్లు చూడ్డం కన్నా ఆయన దగ్గర ఇప్పుడున్న విద్యార్థులతో టీ తాగండి, పది నిమిషాల్లో అన్నీ తెలుస్తాయి. ఇంట్లో నిజంగా గడవని పరిస్థితి ఉంటే ముందు ఉద్యోగం చూసుకోండి, సిగ్గుపడేదేం లేదు. సీవీ రామన్ కూడా ఫైనాన్స్ డిపార్ట్‌మెంటులో పదేళ్లు ఉద్యోగం చేస్తూ పొద్దున్నా సాయంత్రం కలకత్తా ల్యాబులో పనిచేశాడు.

ప్రశ్నలుంటే అడగండి. నా గొంతు కూడా అయిపోయింది.

(ఒక విద్యార్థి: సార్, పది దాకా తెలుగు మీడియం. పేపర్లు చదివితే ఒక్క ముక్క అర్థం కావట్లేదు.)

ఎవరికీ అర్థం కావు బాబూ, ఇంగ్లీషు మీడియం వాళ్లు అర్థమైనట్టు మొహం పెడతారు, అంతే తేడా. సైన్స్ పేపర్లలో ఇంగ్లీషు నిజానికి తేలిక, అవే మాటలు మళ్లీ మళ్లీ వస్తాయి. నీ సబ్జెక్టులో ఒక్క పేపరు తీసుకో, నెలరోజులు అదే చదువు. బొమ్మలు, గ్రాఫులు ముందు చూడు, అక్షాల మీద ఏముందో నీ మాటల్లో తెలుగులో రాసుకో. రెండో పేపరుకి సగం టైము పడుతుంది. మన గిడుగు రామ్మూర్తి గారు సవర భాష నేర్చుకుందామంటే దానికి పుస్తకమే లేదు, సవర మనుషుల్ని దగ్గర పెట్టుకుని ఒక్కో మాటా రాసుకుంటూ చివరికి నిఘంటువు చేశాడు, ఆ కొండల్లో మలేరియాకి వేసుకున్న క్వినైన్‌తో చెవులు కూడా పోగొట్టుకున్నాడు. నీకు కనీసం డిక్షనరీ ఉంది.

(ఒక విద్యార్థిని: ఎమ్మెస్సీ అయిపోతే పెళ్లి చేసేస్తామంటున్నారు సార్. పీహెచ్‌డీ అంటే ముప్పై ఏళ్లు వచ్చేస్తాయి అంటున్నారు.)

అవునమ్మా, దీనికి నా దగ్గర రెడీమేడ్ జవాబు లేదు. కమలా సోహోనీ అని ఒకావిడ, 1933లో బెంగళూరు ఐఐఎస్సీలో చేరదామంటే ఆడపిల్లలని తీసుకోమని రామన్ గారే పొమ్మన్నారు. ఆవిడ వెళ్లలేదు, వాదించి సీటు తీసుకుంది, తర్వాత కేంబ్రిడ్జిలో డాక్టరేట్ తెచ్చుకుంది, వెనక్కొచ్చి మన తాటి నీరాలో ఏ పోషకాలున్నాయో పరీక్షించింది. అంత పోరాడమని నీకు చెప్పడం సులువు, ఇంట్లో ఉండేది నువ్వు. నేను చెప్పగలిగేది ఒకటుంది. మీ నాన్నగారికి సైన్స్ గొప్పతనం చెప్పకు, ఆ 37,000 గురించి చెప్పు. ఆడపిల్ల చదువంటే ఖర్చు అనుకునే ఇంట్లో, ఇది చదువే గానీ నెలనెలా డబ్బొస్తుంది అంటే వినే పద్ధతి మారుతుంది. కావాలంటే నన్ను మాట్లాడమను, ఫోన్లో కాదు, ఇంటికే వస్తాను.

(ఇంకొక విద్యార్థి: మాది మందస దగ్గర సార్. మా ఊరి బోరు నీళ్లు తెస్తే పరీక్ష చేస్తారా?)

చేస్తాను. కానీ ఒక్క సీసా పట్టుకుని రాకు. ముందు ఊళ్లో బోర్లన్నీ ఒక కాగితం మీద గుర్తు పెట్టు, ఏది ఎప్పుడు వేశారు, ఎన్ని అడుగులు, ఎవరిళ్ల వాళ్లు తాగేవారు, ఇప్పుడు ఎందుకు మానేశారు. మోటార్లు వేసే మేస్త్రీని అడుగు, లోతులన్నీ అతనికి నోటికొస్తాయి. పాత నూతులు పెద్దవాళ్లని అడుగు. ఎవరికి జబ్బుందో ఇప్పుడే రాయకు, దానికి వాళ్ల అనుమతి కావాలి, అదెలా తీసుకోవాలో తర్వాత చెప్తాను. ఆ కాగితం తయారయ్యాక మీ మేడమ్‌కి ఇవ్వు, కడిగిన సీసాలు నేను పంపిస్తాను, సీసా మీద పేరు బాల్‌పెన్నుతో కాదు, చెరగని మార్కరుతో రాయాలి. ఇంకెవరైనా కలుస్తామంటే వాళ్లనీ చేర్చుకో, ఒక్కడివల్ల అయ్యే పని కాదు. పలాస బస్సుకి వెళ్లాల్సినవాళ్లు లేవండి, మిగతావాళ్లు ఇటు రండి, ఇక్కడే మాట్లాడుకుందాం.